సుకుమార రాయకవి: బాలకవిత్వమున శబ్దార్థవిచారము

బాలురకొఱకు రచింపఁబడిన కవిత్వము పండితవిమర్శకుఁ బాత్రము గాదను నభిప్రాయ మొకటి మన దేశమునఁ జిరకాలముగా నున్నది. నీతిశతకములును, ఎక్కములును, నిఘంటువును బాలునకుఁ దగినవనియు, అర్థము పొసఁగని మాటలతో నాడుకొనుట తల్లియొడిలోఁ దీఱవలసిన ముచ్చటయే కాని పాఠశాలలోఁ జేయఁదగిన పని కాదనియుఁ బెక్కుర తలంపు. ఈ తలంపునకుఁ బ్రత్యుదాహరణముగా నిలిచినవాఁడు వంగదేశీయుఁడైన సుకుమార రాయకవి. ఆయన జీవించినది ముప్పదియైదు సంవత్సరములు మాత్రమే. ఆయన ప్రధాన పద్యగ్రంథము వెలువడినది ఆయన మరణించిన తొమ్మిదవ దినమున. అట్లయ్యును వంగభాషను మాతృభాషగాఁ గలవారిలో ఆయన పద్యములలో నొకటిరెండైనఁ గంఠస్థము గానివా రరుదు.

ఆయన కవిత్వమును సామాన్యముగా 'అర్థరహిత కవిత్వ'మని వ్యవహరింతురు. ఈ వ్యవహారము శాస్త్రదృష్టికి నిలుచునా, నిలువదా యనుట విచార్యము. నిలిచినచో నది పండితులు ముట్టవలసినది కాదు. నిలువనిచో, బాలునకు శబ్దమునం దనురాగము పుట్టించు సాధన మొకటి పాఠశాలలనుండి నిష్కారణముగా వెలివేయఁబడుచున్నదని యొప్పుకొనవలసి వచ్చును. మొదట కవిజీవితమును సంగ్రహముగాఁ జెప్పి, పిదప నీ విషయమును బరిశీలించుట యుక్తము.

వంశము - విద్య

సుకుమార రాయకవి 1887వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన కలకత్తానగరమున జన్మించెను. తండ్రి ఉపేంద్రకిశోర రాయచౌధురి (1863-1915) మైమన్‌సింగు మండలమువాఁడు. బాలసాహిత్యకర్త, చిత్రకారుఁడు, సంగీతజ్ఞుఁడు, ముద్రణశాస్త్రమునఁ బరిశోధకుఁడు. తల్లి విధుముఖి, సంఘసంస్కర్తయైన ద్వారకానాథ గంగోపాధ్యాయుని కూఁతురు. కుటుంబము బ్రహ్మసమాజమునకుఁ జెందినది. అక్క సుఖలత, చెల్లెలు పుణ్యలత, తమ్ముఁడు సువినయుఁడు మొదలగువారుకూడ బాలురకొఱకు వ్రాసినవారే. ఇట్లు బాలసాహిత్యము ఆ యింట నొకరి వినోదము గాక, కులవిద్యవలె నుండెను.

అట్లని సుకుమారుఁడు కవిత్వమునే చదువుకొన్నవాఁడు గాఁడు. ప్రెసిడెన్సీ కళాశాలలో పదార్థవిజ్ఞానమును, రసాయనశాస్త్రమును బ్రధానవిషయములుగాఁ జదివి 1906లో పట్టభద్రుఁ డయ్యెను. ఆ కాలముననే మిత్రులతోఁ గలిసి 'నాన్సెన్స్ క్లబ్బు' అను నొక హాస్యగోష్ఠిని నెలకొల్పి, దానికొఱకుఁ జిన్న నాటకములు వ్రాసెను. వానిలో 'లక్ష్మణేర్ శక్తిశేల్' రామాయణములోని లక్ష్మణమూర్ఛాఘట్టమును హాస్యముగాఁ ద్రిప్పినది.

1911లో కలకత్తా విశ్వవిద్యాలయమువారి గురుప్రసన్నఘోష విద్యార్థివేతనము లభింపఁగా ఇంగ్లండునకుఁ బోయి, లండనులోను, మాంచెస్టరులోను ఛాయాచిత్రణమును, చిత్రముద్రణమును నభ్యసించెను. నలుపు తెలుపుల నడుమనున్న ఛాయలను జిన్నచిన్న చుక్కల పరిమాణభేదముచే అచ్చునందుఁ జూపు 'హాఫ్‌టోన్' పద్ధతి యప్పటికి క్రొత్తది. దానిపై ఆయన వ్రాసిన వ్యాసములు ఆ విద్యకు సంబంధించిన ఆంగ్లవార్షికపత్రికలోఁ బ్రకటింపఁబడినవి. రవీంద్రనాథ ఠాకూరు 1912లో లండనున కేఁగినప్పుడు సుకుమారుఁ డక్కడనే యుండెను. రవీంద్రునిగూర్చి యాంగ్లమున నొక యుపన్యాసము వ్రాసి చదివెను. అది 1913లో 'క్వెస్ట్' అను పత్రికయందు వెలువడెను. ఆ సంవత్సరముననే స్వదేశమునకు మరలి, సుప్రభాదేవిని వివాహమాడెను.

సందేశ్ పత్రిక

ఆ 1913లోనే ఉపేంద్రకిశోరుఁడు బాలురకొఱకు 'సందేశ్' అను మాసపత్రికను స్థాపించెను. సందేశశబ్దమునకు వంగభాషలో రెండర్థములు: వార్త యొకటి, విఱిగిన పాలతోఁ జేయు మిఠాయి మఱొకటి. పిల్లవానికి వార్తయు మిఠాయివలె నుండవలెనను నుద్దేశ మా పేరునందే శ్లేషించియున్నది. 1915లో తండ్రి మరణింపఁగా ముద్రణాలయభారమును, పత్రికాభారమును సుకుమారునిపైఁ బడినవి. పద్యములు, కథలు, నాటకములు, జంతువులను గూర్చియు యంత్రములను గూర్చియు వ్యాసములు, పొడుపుకథలు, వీనిలోఁ బెక్కింటిని సంపాదకుఁడే వ్రాసి, బొమ్మలును దానే వేసెను.

ఈ కాలమున ఆయన నడపిన సోమవారగోష్ఠిలో, తరువాత భాషాశాస్త్రజ్ఞుఁడుగాఁ బ్రసిద్ధికెక్కిన సునీతికుమార చటర్జీయు, గణాంకశాస్త్రజ్ఞుఁడైన ప్రశాంతచంద్ర మహలనోబిసును సభ్యులు. సుకుమారుఁడు 'భాషార్ అత్యాచార్' అను వ్యాసమున, మాట ఆలోచనకు సేవకురాలుగా నుండక యజమానురాలగుటవలనఁ గలుగు కీడును విమర్శించెను. బాలురను నవ్వించుటకై మాటలతో నాడినవాఁడు మాటల స్వభావమును గూర్చి తీవ్రముగా నాలోచించినవాఁడే యని దీనివలనఁ దేటపడుచున్నది.

వ్యాధి - మరణము

1921వ సంవత్సరము మే 2వ తేదీన ఆయనకుఁ గుమారుఁడు సత్యజితుఁడు జన్మించెను. ఆ సంవత్సరముననే ఆయన కాలా అజారు అను జ్వరమున మంచముపట్టెను. ఇది యొకజాతి చిన్న యీఁగ కాటువలన వ్యాపించి ప్లీహమును బెంచి, రక్తమును క్షీణింపఁజేయు వ్యాధి. దీనికి యూరియా స్టిబమైన్ అను నౌషధమును కలకత్తాలోనే ఉపేంద్రనాథ బ్రహ్మచారి యా సంవత్సరములలోనే కనిపెట్టెను. కాని యది సామాన్యవాడుకకు రాకముందే కవి గతించెను. రెండేండ్లకుఁ బైఁగా రోగశయ్యపై నుండియుఁ బత్రికకు వ్రాయుట మానలేదు. 'హ జ బ ర ల' అను ప్రసిద్ధమైన గద్యకథ 1922లో, అనఁగా ఆ శయ్యపైనుండియే, సందేశ్‌లోఁ బ్రకటింపఁబడెను. పద్యములను గూర్చి, బొమ్మలు వేసి, 'ఆబోల్ తాబోల్' అను సంపుటమును సిద్ధపఱచినదియు నప్పుడే. మరణమునకుఁ గొలఁదిదినములముందు రవీంద్రుఁడు వచ్చి, ఆయన కోరికపైఁ బాటలు పాడి వినిపించెను. 1923 సెప్టెంబరు 10వ తేదీన సుకుమారుఁడు మరణించెను. సెప్టెంబరు 19వ తేదీన గ్రంథము వెలువడెను. సంపుటములోని కడపటి పద్యము నవ్వుచునే వీడుకోలు చెప్పునట్లుండుట చదువరులెల్లరు నెఱిఁగినదే.

కవి మరణానంతరము కొన్నియేండ్లకే ముద్రణాలయము ఋణభారమునఁ బరులపాలయ్యెను. 'హ జ బ ర ల' 1924లోఁ బుస్తకరూపమునఁ బ్రకటితమైనది. 'పాగ్లా దాశు' కథలు 1940లో రవీంద్రుని పీఠికతో వెలువడినవి. ఆగిపోయిన సందేశ్‌ను 1961లో సత్యజితుఁడు సుభాష ముఖోపాధ్యాయునితోఁ గలిసి పునరుద్ధరించెను; తండ్రి శతజయంతిసందర్భమున 1987లో ఆయనను గూర్చి యొక చిత్రమును నిర్మించెను.

అర్థరాహిత్య మనఁగా నేమి?

'ఆబోల్ తాబోల్' అనఁగాఁ బొంతనలేని మాటలు. కవి తన చిన్న పీఠికలో, ఇది 'ఖేయాల్' రసమునకుఁ జెందిన పుస్తకమనియు, ఆ రసము రుచింపనివారికొఱకుఁ గాదనియుఁ జెప్పుకొనెను. అలంకారశాస్త్రమునఁ జెప్పిన తొమ్మిదింటిలో నీ పేరిటి రసము లేదు. వికృతాకారవాక్కులు విభావములగుటచే హాస్యమును, ఎన్నఁడుఁ జూడనివస్తువు కన్నులకుఁ గట్టుటచే నద్భుతమును నిందుఁ గలిసియున్న వనుట సమంజసము.

శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానిమ్మపండ్ల లెక్కయు, అప్పముల లెక్కయు, మేఁకతోలును నొకదానిప్రక్క నొకటి చేర్చినంతమాత్రమున వాక్యము గాదని భాష్యకారుఁడు చూపినాఁడు; అచ్చట లోపించినది యాకాంక్ష. నిప్పుతోఁ జెట్టును దడుపుచున్నాఁడన్నచో నాకాంక్ష యున్నది, సన్నిధి యున్నది. లోపించినది యోగ్యత మాత్రమే. గొడ్రాలి బిడ్డఁడు, ఆకాశపుష్పము, కుందేటికొమ్ము మున్నగునవి యిట్టివే. వస్తువు లేకున్నను శబ్దమువెంటఁ బుట్టు నీ జ్ఞానమునకు యోగశాస్త్రమున వికల్పమని పేరు.

సుకుమారుని పద్యములను ఈ గీటుఱాతిపై నొఱసి చూచినచో విషయము విస్పష్టమగును. ఆయన వాక్యములలోఁ గర్త, కర్మ, క్రియ, విభక్తి తమతమ స్థానములలోనే యుండును. ఛందస్సు తప్పదు, అంత్యప్రాస చెడదు. శివుని దేశమున విచిత్రశాసనములు, కార్యాలయాధికారి మీసములు దొంగిలింపఁబడినవను కలవరము, నవ్వుట నిషిద్ధమని భయపడు జంతుజాతి: వీనిలోఁ దప్పినది యోగ్యత యొక్కటియే. కావున నది నిరర్థకము గాదు, వికల్పాశ్రితము. నిరర్థకమైనచో బాలుఁడు నవ్వఁడు, విసుగుకొనును. అర్థము బోధపడి, అది లోకమునఁ బొసఁగదని తెలిసినప్పుడే నవ్వు పుట్టును.

సమాసవిచారము

వైయాకరణు లెక్కువగా గమనింపఁదగినది 'ఖిచుడి' అను పద్యము. అందు రెండేసి జంతువు లొక్కటైపోవును. వ్యాకరణమును దాను మన్నింపనని కవి యచ్చటనే బాహాటముగాఁ జాటినాఁడు. కాని యా సమాసములను విడఁదీసి చూడుఁడు. హాఁస్ (బాతు), సజారు (ఏదుపంది): హాఁసజారు. బక (కొంగ), కచ్ఛప (తాఁబేలు): బకచ్ఛప. హాతీ (ఏనుఁగు), తిమి (తిమింగలము): హాతిమి. బిఛా (తేలు), ఛాగల్ (మేఁక): బిఛాగల్. సింహ, హరిణ: సింహరిణ. ప్రతిసమాసమునందును బూర్వపదపు టంత్యాక్షరమును, ఉత్తరపదపు మొదటి యక్షరమును నొక్కటియే. ఆ రెండింటికి నొక్కటే నిలుచుచున్నది. ఇది పూర్వపరముల రెండింటికి నేకాదేశము విధించు పద్ధతియే కదా! వ్యాకరణమును మన్నింపనన్నవాఁడు పాణినీయమున లేని సూత్రమొకటి చేసికొని, దానిని వ్యభిచారము లేక పాటించినాఁడు. నియమములేమి వేఱు, క్రొత్తనియమము వేఱు. ఈ భేదము నెఱుఁగనివారు మాత్రమే ఇట్టి రచన సులభమందురు.

అర్థదృష్టిని జూచినను నిందు విశేషము గలదు. ద్వంద్వమున రెండు వస్తువులు వేర్వేఱుగానే నిలుచును. తల్లిదండ్రు లన్నప్పుడు తల్లియుఁ దండ్రియు నిద్దఱు. కూరగాయ లన్నప్పుడు కూరలును గాయలును వేఱు. హాఁసజారు వట్టిది గాదు. రెండు జాతు లొక్క శరీరమున నున్నవి. ఇది కర్మధారయముతోఁ బోల్పఁదగినది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారి కిందుల కుదాహరణము వెదుకఁబనిలేదు. ఆళ్లగడ్డకు సమీపమున నున్న అహోబిలమున నవనారసింహక్షేత్రములు గలవు. నరుఁడును దానే, సింహమును దానే యైనవాఁడు నరసింహుఁడు. నరుఁడును గాని, మృగమును గాని చంపరాదను వరమునకు ఆ సమాసమే ప్రత్యుత్తర మయ్యెను. శబ్దమున రెండు జాతులను గలుపుటవలననే యర్థమున నొక మహాకార్యము సిద్ధించినది. ఆళ్లగడ్డ శిల్పులు ఱాతియందు మలచు దేవతామూర్తులలో నరసింహుఁ డున్నాఁడు. మన దేవాలయస్తంభములపై సింహ గజ లక్షణములు గలిసిన యాళి యున్నది. వానిని జూచి యర్థరహితమని యెవరును ననరు. నరసింహశబ్దము శాస్త్రసమ్మతము, దైవతము. హాఁసజారు శాస్త్రబాహ్యము, వినోదము. భేదము ప్రయోజనమున నున్నదే కాని కల్పనాస్వభావమున లేదు.

లక్షణయు నభిధయు

'శబ్దకల్పద్రుమ్' అను పద్యము మఱొక మార్గమునఁ బోవును. ఈ పేరు పందొమ్మిదవ శతాబ్దమున రాధాకాంతదేవుఁడు రచింపించిన ప్రసిద్ధ సంస్కృతనిఘంటువుది. అందలి ద్రుమశబ్దమును జెట్టుగాఁ గాక, బరువైన వస్తువు పడిన చప్పుడుగా వినిపించుట కవి చమత్కారము. పువ్వు విచ్చుట, వాసన పరువెత్తుట, చంద్రుఁడు మునుఁగుట మొదలగు వ్యవహారములు భాషలో రూఢిలక్షణచే వచ్చినవి. కవి లక్షణను ద్రోసి, అభిధనే పట్టుకొనును. అప్పుడు పువ్వు పగిలినట్లు ప్రేలును, చంద్రుఁడు నీటఁబడిన ఱాయివలె బుడుంగున మునుఁగును.

తెలుఁగున నిట్టి రూఢులకుఁ గొదవలేదు. నోరు జాఱినదని, మాట విఱిచినాఁడని, చెవిని వేసినాఁడని, ప్రొద్దు క్రుంకినదని మన మనుచుందుము. జాఱిన నోరెక్కడఁ బడినదని బాలుఁ డడిగినచో వానిని గద్దింపరాదు. అలంకారశాస్త్రమున ముఖ్యార్థబాధయని చెప్పఁబడునది యా బాలునకు స్వయముగాఁ దోఁచినదని సంతోషింపవలెను. పెద్దలకు వాడుకచే మఱుఁగుపడిన ముఖ్యార్థము బాలునకు నింకను గనఁబడుచుండును. సుకుమారుని హాస్యమున కదియే మూలము.

హ జ బ ర ల

గద్యకథ పేరునందును వైయాకరణులకు విందు గలదు. ఎండవేళఁ జెట్టునీడను నిద్రించిన బాలుని చేతిరుమాలు పిల్లియగుటతో నా కథ మొదలగును. పలకపై లెక్కలు వేయు కాకియు, కొంత పెరిగినపిదప వెనుకకు మరలు వయస్సును, అర్థములేని న్యాయవిచారణయు నందుఁ గలవు. వంగభాషలో 'హజబరల' యనఁగా గందరగోళము. కాని యీ యక్షరములేవి? అంతస్థములకు వర్ణమాలలోని క్రమము య ర ల వ. హ య వ ర ల యను క్రమము మాహేశ్వరసూత్రములలో నైదవ, ఆఱవ సూత్రములది. కడపటి ఇత్సంజ్ఞకములగు ట, ణ లు మాత్రము తొలఁగినవి. వంగోచ్చారణమున యకారము జకారముగను, వకారము బకారముగను వినఁబడును. ప్రపంచమునఁ గల శబ్దక్రమములలోఁ గడు నియతమైన దేదియో, అదియే లోకవాడుకలో నక్రమమునకుఁ బేరయ్యెను! సూత్రప్రయోజన మెఱుఁగక వల్లెవేయువానికి నా క్రమము గందరగోళముగానే తోఁచుననుట యిందలి గూఢమైన యెత్తిపొడుపు. ఇది పండితులు నవ్వి, తరువాత నాలోచింపఁదగినది.

పూర్వపక్షములు - సమాధానములు

ఈ కవిత్వముపై మూఁడాక్షేపములు సాధారణముగా వినఁబడును. మొదటిది, ఇది యాంగ్లేయులైన ఎడ్వర్డు లియరు, లూయీ కరోలు వ్రాసినవాని యనుకరణమని. లియరు గ్రంథము 1846లోను, కరోలు కథ 1865లోను వెలువడినవి. సుకుమారుఁడు వారి మార్గమునుండి ప్రేరణము పొందెననుట నిజము. అయినను ఆయన ముడిసరకు మాహేశ్వరసూత్రములు, శబ్దకల్పద్రుమము, రామాయణము, వంగదేశపు నానుడులు. విత్తనము పరదేశమునుండి వచ్చినను, పైరునకు సారమిచ్చినది స్వదేశపు మన్నే.

రెండవది, బాలుఁ డిందువలన నపశబ్దముల నలవఱచుకొనునని. నియమము నెఱిఁగినవాఁడే నియమభంగమునకు నవ్వును. బాతును, ఏదుపందిని వేర్వేఱుగా నెఱుఁగని శిశువునకు హాఁసజారు నవ్వు పుట్టింపదు. కావున నట్టి పద్యము అపశబ్దమును నేర్పుట లేదు; బాలునకు సుశబ్ద మెంతవఱకుఁ దెలిసినదో పరీక్షించుచున్నది.

మూఁడవది, ఇట్టి శబ్దక్రీడ కావ్యగౌరవమునకుఁ దగదని. ఈ యాక్షేపము నంద్యాలసీమలోఁ జెల్లదు. పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజున కంకితము చేసినాఁడు. మొదటినుండి చదివినఁ దెలుఁగుగాను, తుదినుండి చదివిన సంస్కృతముగాను నర్థమిచ్చు పద్య మందుఁ గలదు. ఆయన రాఘవపాండవీయమున ప్రతిపద్యమును రెండు కథలను జెప్పును. సూరన యొక్క శబ్దమునుండి రెండర్థములు పిండినాఁడు. సుకుమారుఁడు రెండు శబ్దములను గలిపి లోకమున లేని యొక్క యర్థమును సృజించినాఁడు. మొదటిది ప్రౌఢులకు, రెండవది బాలురకు. మూలమునఁ గల శబ్దప్రీతి యొక్కటియే.

తెలుఁగుపాఠశాలలకు నన్వయము

తెలుఁగున బాలురకొఱకుఁ బ్రత్యేకపత్రికలు ప్రసిద్ధికి వచ్చుట కొంత యాలస్యముగా జరిగినది. న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల' 1945లోను, 'చందమామ' 1947లోను మొదలైనవి. సందేశ్ వానికి మూఁడుపదుల యేండ్లు ముందటిది. అయినను జానపదుల యాటపాటలలో శబ్దక్రీడ యనాదిగా నున్నది. అనుకరణశబ్దములందుఁ దెలుఁగు మిక్కిలి సంపన్నము: గలగల, జలజల, కిలకిల, ధనధన. లోపించినది సామగ్రి గాదు. ఆ సామగ్రికిఁ బాఠశాలలో నాదరము.

సుకుమారుని పద్యములు భాషాంతరీకరణమునకు లొంగునవి కావు. సత్యజితుఁడు కొన్నింటిని, సుకాంత చౌధురి మఱికొన్నింటిని ఆంగ్లమునకుఁ దెచ్చినారు. వారును సమాసములను వంగభాషనుండి యెత్తుకొనిరాలేక, ఆంగ్లపదములతోఁ గ్రొత్తగాఁ గల్పింపవలసి వచ్చెను. కావున మార్గమును గైకొనవలెనే కాని మాటలను గాదు. ఏనుఁగును గుఱ్ఱమును గలిపినచో ఏనుఁగుఱ్ఱము, బాతును దుమ్మెదను గలిపినచో బాతుమ్మెద, చిలుకను గప్పను గలిపినచో చిలుకప్ప యగును. ఇట్టివి పదింటిని గల్పింపుమని బాలురను గోరి, పిమ్మట ద్వంద్వమున 'చిలుకగప్పలు' అని గసడదవాదేశ మేల వచ్చినదో, చిలుకప్పయం దేల రాలేదో యడిగినచో, సంధిసమాసప్రకరణముల రెండును భయము లేక బోధపడును. వ్యాకరణ మనఁగా బెత్తపుదెబ్బయని తలఁచు బాలునకు, వ్యాకరణము లేనిదే యా నవ్వును లేదని తెలియుట గొప్పలాభము.

రోగశయ్యపై నుండి, తన రెండేండ్ల కుమారుఁడు పెరిగి చదువఁగలుగునాఁటికిఁ దానుండనని యెఱిఁగియు, సుకుమార రాయకవి బాలురను నవ్వించుటకై శబ్దములను దిద్దుచునే యుండెను. ఆ శ్రమ నిరర్థకమైనది గాదని వంగదేశీయులు శతాబ్దకాలముగా నిరూపించుచున్నారు. నరసింహుని కొండనీడఁ జదువుకొను బాలురకు నేనుఁగుఱ్ఱమును జూపి నవ్వింపఁగల పండితుఁడు శాస్త్రమునకు ద్రోహము చేసినవాఁడు గాఁడు. శాస్త్రమునకుఁ బ్రవేశద్వారమును దెఱచినవాఁ డగును.